సెకండ్ హ్యాండ్ మిరాయ్ 9,500 డాలర్లకే ఇస్తామంటున్నారు, కొనొచ్చా?

ఫ్రీమాంట్ కొత్త కాపురం:

అందరికీ నమస్కారం. ఉండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో, ఆఫీసు శాంటా క్లారాలో. రానూపోనూ రోజుకి 40 మైళ్ళు, వారానికి నాలుగు రోజులు. మా ఆవిడకి ఈ నెలలోనే లైసెన్సు వచ్చింది, ఇప్పుడున్న కారు తనకిచ్చి నేను ఇంకోటి తీసుకుందామని. బడ్జెట్ 10 వేలు.

ఒక డీలర్ దగ్గర 2022 టొయోటా మిరాయ్ చూశాం, హైడ్రోజన్ గ్యాస్‌తో లోపలే కరెంటు తయారుచేసుకుని నడిచే కారు. 31 వేల మైళ్ళు తిరిగింది. కొత్తప్పుడు 50 వేల కారు, 9,500కి ఇస్తానంటున్నాడు. లోపల కూర్చుంటే లెక్సస్‌లా ఉంది. ఫుల్ ట్యాంకుకి 400 మైళ్ళు, నింపడానికి ఐదు నిమిషాలు, వెనకనుంచి నీళ్ళు తప్ప పొగ రాదట. మేముండేది అపార్ట్‌మెంట్, కార్‌పోర్ట్‌లో చార్జర్ లేదు. అందుకే ఈవీ మాకు కుదరదని వదిలేశాం. హైడ్రోజన్ అయితే పెట్రోల్ బంకులో కొట్టించినట్టే కదా?

మరి ఇంత చవగ్గా ఎందుకొస్తోందో అర్థం కావట్లేదు. కారులో ఏదైనా లోపమా? నడిపినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. వీకెండ్‌లోగా తేల్చమని డీలర్ రోజుకి రెండు మెసేజ్‌లు పెడుతున్నాడు.

హేవార్డ్ బుల్లెబ్బాయ్:

ఏనుగుని ఊరికే ఇస్తానన్నా మేత సంగతి అడిగి తీసుకోవాలి బ్రో. మేత కేజీ 36 డాలర్లు. మిగతాది అద్దంకి అన్న వచ్చి చెప్తాడు, ఆయనకిది పాత గాయం.

అద్దంకి అన్న:

వచ్చాను. ఇది పొడుగవుతుంది, టీ పెట్టుకో తమ్ముడూ.

2021 ఆగస్టు నుంచి 2024 ఆగస్టు దాకా మిరాయ్ లీజుకి నడిపాను. ముందు నీ అనుమానం తీరుస్తా: కారులో లోపం లేదు. అంత మెత్తగా పోయే బండి మళ్ళీ నా చేతికి రాలేదు. మా అమ్మ ఊరినుంచి వచ్చినప్పుడు ఆల్టమాంట్ కొండ ఎక్కుతుంటే "ఇంజను ఆగిపోయిందేమో చూడరా" అంది. అప్పుడు 70 మీద పోతున్నాం. నీళ్ళు వదలడానికి ఒక బటన్ ఉంటుంది. గరాజ్‌లో పెట్టేముందు బయటే నొక్కితే వెనక కింద చెంబెడు నీళ్ళు పడతాయి. మావాడికప్పుడు మూడేళ్ళు. "మా కారు ఉచ్చ పోసింది" అని వీధంతా చెప్పుకొచ్చేవాడు.

ఇబ్బందంతా కారు బయటే.

మేముండేది మౌంటెన్ హౌస్ అనే ఊళ్ళో. అక్కడ హైడ్రోజన్ లేదు, కొండ దాటి బే ఏరియా వైపు, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలకి రావాలి. ఆఫీసుకొచ్చిన రోజున నింపుకుంటే సరే, లేదంటే గ్యాస్ కోసమే పనిగట్టుకుని కొండ దాటాలి. మా పొలం సాగర్ కుడి కాలవ కింద చివరి భూముల్లో ఉండేది. పైవాళ్ళంతా తూములు ఎత్తుకున్నాక ఏ అర్ధరాత్రో మా వంతు వచ్చేది. మా నాన్న టార్చిలైటు పట్టుకుని కాలవ గట్టు మీద తిరిగేవాడు, నీళ్ళు వచ్చాయా లేదా అని. ఆ బాధ పడలేకే కదా నన్ను చదివించింది! నేను ఇంత దూరం వచ్చి, 50 వేల డాలర్ల కారెక్కి, సరిగ్గా అదే పని చేశాను. టార్చి బదులు ఫోను.

హైడ్రోజన్ స్టేషన్లకి ఒక మ్యాప్ ఉంది, హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థది. ఏ స్టేషన్ నడుస్తోంది, ఎన్ని కేజీలున్నాయి అని చూపిస్తుంది. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ చూసేది అదే. పచ్చగా ఉందని బయల్దేరితే చేరేలోపల ఎర్రబడిపోయేది. 40 కేజీలుంది అని చూపిస్తే సంబరపడకు, అది ఎనిమిది కార్లకి చాలుతుంది. నువ్వు తొమ్మిదోవాడివి అయితే ట్రక్కు వచ్చేదాకా అంతే సంగతులు. పెట్రోల్ బంకు ఒకటి మూసేస్తే ఎదురుగా ఇంకోటి ఉంటుంది. కాలిఫోర్నియా మొత్తం మీద కార్లకి హైడ్రోజన్ పోసే చోట్లు యాభై అటూ ఇటూ. మిగతా అమెరికాలో ఇక లేనట్టే.

"బంకులో కొట్టించినట్టే" అన్నావు. బాగున్న రోజున నిజంగా అంతే. నాజిల్ బరువుగా ఉంటుంది, కారు మూతికి నొక్కి లివర్ లాగితే టక్కుమని పట్టుకుంటుంది. మిషన్ ముందు కొంచెం గ్యాస్ పంపి, ఎక్కడైనా కారుతోందా అని చూసుకుని, తర్వాత బుస్సుమని ఎక్కిస్తుంది. 700 బార్. నీ కారు టైర్లో గాలి రెండున్నర బార్ ఉంటుందేమో, దాన్నిబట్టి ఊహించుకో. అంత జోరుగా కుక్కితే ట్యాంకు వేడెక్కుతుంది, అందుకని గ్యాస్‌ని మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరిచి పంపుతారు. అసలు పేచీ అంతా ఆ చలితోనే.

ఒక జనవరి పొద్దున, ఏడున్నర. తొమ్మిదింటికి మీటింగు. ట్యాంకు నిండింది, బిల్లు వచ్చింది, నాజిల్ మాత్రం కారుని వదల్లేదు. గాలిలో తేమ దానిచుట్టూ గడ్డకట్టుకుపోయి, తెల్లగా, మన ఫ్రిజ్‌లో పాత ఫ్రీజర్ అర పట్టుకున్నట్టు పట్టుకుంది. లివర్ రెండు చేతుల్తో లాగాను. కదల్లేదు. పక్క వరసలో ఒక చైనా పెద్దాయన, లాగొద్దు లాగొద్దు, లోపల సీలు పోతుంది అంటూ వచ్చి, తన డిక్కీలోంచి పాత తువాలు తీసి చుట్టాడు. ఆయన డిక్కీలో తువాలు ఎందుకుందో అప్పుడర్థమైంది. ఇద్దరం ఇరవై నిమిషాలు దాన్ని అరచేతుల్తో పొదివి పట్టుకుని నిలబడ్డాం, పురుడు పొయ్యడానికొచ్చిన మంత్రసానుల్లాగా. వెనక నాలుగు కార్లు. టప్పుమని ఊడినప్పుడు వెనకవాళ్ళు చప్పట్లు కొట్టారు. మీటింగు అయిపోయింది. ఆ తర్వాత నా డిక్కీలోనూ ఒక తువాలు.

ఇంకోటుంది, దీన్ని డీలర్ చెప్పడు. వరసగా నాలుగు కార్లు నింపేసరికి స్టేషన్‌లో ప్రెషర్ పడిపోతుంది. కంప్రెసర్ మళ్ళీ ఎక్కించేదాకా ఆగాలి. ఆగకుండా పెడితే సగం ట్యాంకుకే మిషన్ ఆగిపోతుంది. అందుకని పాతకాపులం ముందు కారు వెళ్ళాక కూడా ఓ పది నిమిషాలు కదలకుండా నిలబడేవాళ్ళం. వెనకనుంచి ఎవరైనా హారన్ కొట్టారంటే కొత్తగా కొన్నవాడన్నమాట.

డబ్బు సంగతి. నాకు లీజుతోపాటు 15 వేల డాలర్ల ఫ్యూయల్ కార్డు ఇచ్చారు. అప్పుడు కేజీ 16 లోపే. మొదటి ఏడాది ఎక్కువ ఇంట్లోంచే పని, కార్డు కరగనేలేదు. రెండేళ్ళయినా సగం మిగిలే ఉందని మురిసిపోయాను. 2023 చివరికి కేజీ 36 అయింది. కాగితం మీద 400 మైళ్ళు గానీ ఫ్రీవే మీద నాకు కేజీకి 70 మైళ్ళకి మించి ఎప్పుడూ రాలేదు. వారానికి ఐదు కేజీలు, అంటే 180 డాలర్లు. రెండేళ్ళలో అయిన ఖర్చు తొమ్మిది నెలల్లో అయిపోయింది. లీజు ఆఖరి నెలన్నర జేబులోంచి పెట్టాను. ట్యాంకు నిండా కొట్టిస్తే 170, 180. ఆ స్లిప్పులు ఇంట్లో కనపడకుండా చింపేసేవాణ్ణి.

నీ లెక్క చూసుకో. వారానికి 200 మైళ్ళు అనుకుంటే మూడు కేజీలు, 108 డాలర్లు. ఓ మాదిరి పెట్రోల్ కారుకి 35 అవుతుంది. 9,500 కారుకి ఏడాదికి ఐదున్నర వేల గ్యాస్. అందుకే చవక. కార్డు కొత్తగా కొన్నవాళ్ళకిచ్చేది. సెకండ్ హ్యాండ్‌కి ఉందని డీలర్ అంటే నోటిమాట నమ్మకు, కాగితం మీద రాయించుకో. గ్యాస్ మూత తీసి లోపల స్టిక్కర్ కూడా చూడు, ఫలానా తేదీ తర్వాత నింపకూడదని ఉంటుంది. ట్యాంకు ఆయుష్షు 15 ఏళ్ళు. కార్‌పూల్ లేన్‌లో (ఒకరికి మించి ఎక్కిన కార్లకి వదిలే వరస) ఒక్కడివే వెళ్ళే స్టిక్కర్ మీద ఆశ పెట్టుకోకు, అది 2025 సెప్టెంబరు 30తో అయిపోయింది.

లాస్ ఏంజెలెస్ దగ్గర మాలిబు వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్దామని మూడేళ్ళలో రెండుసార్లు అనుకున్నాం. దారిలో ఐ-5 హైవే మీద హ్యారిస్ రాంచ్ దగ్గర ఒక్క స్టేషన్. అది ఆ రోజు పనిచేస్తుందా లేదా అన్న టెన్షన్ పడలేక రెండుసార్లూ అద్దె కారులో వెళ్ళాం. గరాజ్‌లో 50 వేల కారు పెట్టుకుని.

నా మాట వింటే ఒక్క పని చెయ్యి. కొనేముందు శనివారం పొద్దున మీ దగ్గర్లో ఉన్న హైడ్రోజన్ స్టేషన్‌కి ఇప్పుడున్న కారులోనే వెళ్ళి, ఓ గంట కూర్చో. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

శైలజ, సన్నీవేల్:

అద్దంకి అన్న గారు చెప్పినదాంట్లో చేర్చడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్క సంగతి: షెల్ కంపెనీ కాలిఫోర్నియాలో కార్ల కోసం పెట్టిన ఏడు హైడ్రోజన్ స్టేషన్లనీ 2024 ఫిబ్రవరిలో మూసేసి తప్పుకుంది. అంత డబ్బున్న కంపెనీయే వద్దనుకున్న వ్యాపారం మీద మన 9,500 పెట్టడం దేనికి?

నేను చెప్పాలనుకున్నది వేరే. "చార్జర్ లేదు కాబట్టి ఈవీ కుదరదు" అన్నారు చూడండి, అక్కడ ఆగండి. మేమూ అపార్ట్‌మెంటే. మా కార్‌పోర్ట్ స్తంభానికి మామూలు ప్లగ్గు ఒకటుంది, తోటమాలి ఆకులూడ్చే మిషన్‌కి వాడేది. 120 వోల్టులు. దానికి మా ఈవీని పెడితే గంటకి నాలుగు మైళ్ళు ఎక్కుతుంది. నవ్వొస్తుంది కదా? మా ఆయనా నవ్వారు. రాత్రి ఎనిమిదికి పెట్టి పొద్దున ఏడుకి తీస్తే 44 మైళ్ళు. మీరు తిరిగేది 40.

ఆ ప్లగ్గు కామన్ మీటర్ మీద ఉంది కాబట్టి చెప్పకుండా వాడితే గొడవవుతుంది. మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టి నెలకి 50 డాలర్లు ఇస్తానని ఒప్పించాను. ఫోన్లో అడిగితే చూద్దాం అన్నాడు, రాసి అడిగితే రెండు రోజుల్లో సరేనన్నాడు. మీ దగ్గర ప్లగ్గే లేకపోతే, అద్దెకున్నవాళ్ళు తమ ఖర్చుతో చార్జర్ పెట్టించుకుంటామని రాసి అడగొచ్చని ఇక్కడ చట్టం ఉంది. మినహాయింపులున్నాయి, ఖర్చూ తక్కువేం కాదు, ఇల్లు మారితే దాన్ని వెంట తీసుకుపోలేం. కాబట్టి ముందు స్తంభాలు చూడండి.

మీ బడ్జెట్‌లో పాత నిస్సాన్ లీఫ్ ఈవీ దొరుకుతుంది. ఫాస్ట్ చార్జింగ్‌కి దానిది చాడెమో అనే రకం ప్లగ్గు, కొత్తగా కట్టే స్టేషన్లలో అది పెట్టడం దాదాపు మానేశారు. ఊళ్ళో తిరగడానికైతే పరవాలేదు. కొంచెం పైన వేసుకుంటే పాత షెవర్లే బోల్ట్ ఈవీ వస్తుంది. 2022కి ముందు బోల్ట్‌లలో ఫాస్ట్ చార్జింగ్ విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవాల్సి వచ్చేది, చాలామంది కట్టలేదు. మూత తీసి చూడండి: పైన గుండ్రటి ప్లగ్గు, కింద రెండు లావు రంధ్రాలు ఉంటేనే తీసుకోండి. ఉన్నా అది గరిష్ఠంగా 55 కిలోవాట్లే లాగుతుంది. దాన్నేసుకుని లాస్ ఏంజెలెస్ వెళ్తే దారిలో రెండు పూటలా భోంచేయొచ్చు.

నాగోల్ నెక్సాన్:

అమెరికా ముచ్చట్లు చదువుతుంటే మాదే నయం అనిపిస్తోంది. నేను నాగోల్ నుంచి విజయవాడ అత్తగారింటికి ఈవీలో మూడేళ్ళుగా తిరుగుతున్నాను. దాదాపు 260 కిలోమీటర్లు. ఇంట్లో 15 యాంపుల సాకెట్టుకి రాత్రి పెడితే పొద్దున్నకి ఫుల్. సూర్యాపేటలో ఆగి ఇడ్లీ తినేలోపల 80 శాతం అవుతుంది, మళ్ళీ అత్తగారింట్లో ఏసీ సాకెట్టు. ఏసీ బంద్ చేసి బండికి పెడితే మా మామయ్య మొహం చూడాలి.

మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. సంక్రాంతికి మాత్రం వెళ్ళకండి. పోయినసారి సూర్యాపేటలో రెండు చార్జింగ్ గన్నులకి పదకొండు బండ్లు. ఒక గన్ను పనిచేస్తలేదు. అక్కడున్న చార్జర్ కంపెనీ యాప్‌లో మాత్రం రెండూ ఖాళీ అని చూపిస్తోంది. యాప్‌లంటే గుర్తొచ్చింది, నా ఫోన్లో ఆరున్నాయి. ఒక్కోదాంట్లో ముందే వేసిన డబ్బులు, ఒక 80, ఒక 140 రూపాయలు ఇరుక్కుపోయి ఉన్నాయి. అన్నీ కలిపితే ఒకపూట బిర్యానీ.

నాది ఒక డౌటు. హైడ్రోజన్ కార్లు మనకెప్పుడొస్తాయి? గడ్కరీ గారు 2022లో మిరాయ్‌లోనే పార్లమెంటుకి వచ్చారు కదా. వైజాగ్‌లో పెద్ద హైడ్రోజన్ ప్లాంటు కూడా అంటున్నారు. ఆగాలా?

గాజువాక మెకానికల్:

ఆగొద్దు. మీరంటున్నది పూడిమడకలో ఎన్టీపీసీ పెట్టే హైడ్రోజన్ హబ్. 2025 జనవరి 8న ప్రధాని వైజాగ్ వచ్చి శంకుస్థాపన చేశారు. రోజుకి 1500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. కానీ అది మీ కారులో పొయ్యడానికి కాదు. మిథనాల్, యూరియా, విమాన ఇంధనం లాంటివిగా మార్చి ఎక్కువ భాగం ఎగుమతికి. ఎరువుల ఫ్యాక్టరీకి హైడ్రోజన్ ఎలాగూ కావాలి, దానికి ఇంకో దారి లేదు. కారుకి ఉంది.

లెక్క చిన్నది. నీళ్ళని విడగొట్టి కేజీ హైడ్రోజన్ తియ్యాలంటే 50 యూనిట్ల పైన కరెంటు కావాలి. దాన్ని 700 బార్‌కి నొక్కి, చల్లబరిచి, ట్రక్కులో మోసి, కారులో పోస్తే అన్నగారికి 70 మైళ్ళు. ఆ 50 యూనిట్లే తిన్నగా బ్యాటరీలోకి పోతే శైలజ గారి కారు 170 మైళ్ళు పోతుంది. బస్సులు, లారీల సంగతి వేరు, అవి రోజూ ఒకే డిపోకి తిరిగొస్తాయి కాబట్టి ఒక స్టేషన్ పెడితే చాలు. మన కారు ఏ మేనమామ పెళ్ళికో పోవాలి.

ఫ్రీమాంట్ కొత్త కాపురం:

అన్నా, నువ్వు చెప్పినట్టే శనివారం వెళ్ళాను. మా ఆవిడ కూడా వచ్చింది, ఫ్లాస్కులో కాఫీ, ఉప్మా. ఎనిమిదిన్నరకి చేరాం. ఊరి పేరు చెప్పను.

రెండు నాజిళ్ళు. ఒకదానికి ప్లాస్టిక్ సంచి తొడిగి పసుపు టేపు చుట్టారు. రెండోదాని ముందు ఐదు మిరాయ్‌లు, ఒక హ్యుందాయ్ నెక్సో (అదీ హైడ్రోజన్ కారే). మొదటి కారు నిండింది. రెండోవాడు నాజిల్ ముట్టుకోకుండా పది నిమిషాలు అలాగే నిలబడ్డాడు, నేను మా ఆవిడతో "ప్రెషర్ కోసం ఆగాడు" అంటే నాకేదో డిగ్రీ ఉన్నట్టు చూసింది. మూడో ఆయన డిక్కీ తెరిచాడు. తువాలు ఉంది! నీలం రంగుది.

నాలుగో కారు సగంలో ఆగిపోయింది. ఆయన మిషన్ మీదున్న నంబరుకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, బానెట్ మీద కూర్చున్నాడు. అరగంట దాకా ఆ మ్యూజిక్కే వచ్చింది. ఐదోవాళ్ళు ఒక గుజరాతీ జంట, మా ఉప్మా తిన్నారు. వాళ్ళ కారులో 22 మైళ్ళే మిగిలింది, ఇంకో స్టేషన్ 17 మైళ్ళు, అక్కడ కూడా లేకపోతే ఎలాగని లెక్కలు వేసుకుంటున్నారు. మేం వచ్చేసేసరికి ఇంకా అక్కడే ఉన్నారు.

శైలజ అక్కా, ఇంటికొచ్చి స్తంభాలన్నీ చూశాను. మా స్లాటుకి రెండు స్లాట్ల అవతల ప్లగ్గు ఉంది. ఆ స్లాటు ఒక తమిళాయనది. ఇడ్లీ పట్టుకెళ్ళి అడుగుతాను. ఆయన మార్చుకోవడానికి ఒప్పుకుంటే మేనేజర్‌కి రాస్తాను. కింద రెండు రంధ్రాలున్న బోల్ట్ ఒకటి ట్రేసీలో 12,400కి కనపడింది, బడ్జెట్ కొంచెం దాటుతోంది.

డీలర్ ఇవాళ మళ్ళీ మెసేజ్ పెట్టాడు. 8,200 అట.

అద్దంకి అన్న:

ఇంకో రెండు వారాలు పలక్కుండా ఉంటే 7 వేలకి దిగుతాడు. దిగినా కొనకు.

ట్రేసీ మాకు పక్కనే. ఆ బోల్ట్ చూడ్డానికి ఎప్పుడొస్తావో చెప్పు, నేనూ వస్తాను. మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం, గోంగూర ఉంది.